డబ్బా మీద తేదీ ఒకటే, లోపల వయసులు మూడు

పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు నుంచి వెళ్లి మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో స్థిరపడిన కుర్రాళ్లలో ఇంట్లోనే బీరు చేసుకునే సరదా ఉన్నవాళ్లు కొందరున్నారు. వాళ్లు సరుకు కొనే షాపుల్లో ఒక మూల బల్ల మీద సగం ధర స్టిక్కరు అంటించిన బీరు కిట్ డబ్బాలు కనిపిస్తుంటాయి. మీద రాసిన తేదీకి ఇంకో నెలో, రెండు నెలలో ఉంటుంది. ఒక్కోసారి తేదీ అప్పటికే దాటిపోయి ఉంటుంది. డబ్బా చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, బరువులో తేడా ఉండదు. కొనాలా వద్దా? ‘కొంటే ఏమవుతుంది’ అనేవాళ్లూ, ‘పాత సరుకు ముట్టుకోవద్దు’ అనేవాళ్లూ ఇద్దరూ సగమే చెబుతున్నారు. ఆ డబ్బాలో ఉన్నది ఒక వస్తువు కాదు, మూడు: మాల్ట్, హాప్స్, ఈస్ట్. ఆ మూడూ మూడు రకాలుగా పాతబడతాయి.

ముందు కిట్ అంటే ఏమిటో చూడాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1862లో మొదలైన కూపర్స్ కంపెనీ కిట్‌నే తీసుకుంటే, 1.7 కిలోల టిన్ను ఒకటి, దాని పైన ప్లాస్టిక్ మూత, ఆ మూత కింద పులియబెట్టే ఈస్ట్ 7 గ్రాముల ప్యాకెట్. టిన్నులో మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన, తేనెలా చిక్కటి మాల్ట్ పాకం ఉంటుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పూల సారం అందులోనే ముందే కలిపి ఉంటుంది. ఆ పాకాన్ని వేడి నీళ్లలో కరిగించి, ఒక కిలో డెక్స్‌ట్రోజో (గ్లూకోజు చక్కెర) పంచదారో కలిపి, చన్నీళ్లు పోసి 23 లీటర్లు చేసి, చల్లారాక ఈస్ట్ చల్లి మూత పెట్టేస్తారు. వారం పది రోజుల్లో పులుస్తుంది. మన దగ్గర దొరికే 650 మిల్లీలీటర్ల సీసాల లెక్కలో చెప్పాలంటే దాదాపు 35 సీసాల బీరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇదంతా అనుమతి ఉన్న దేశాల ముచ్చట. బ్రిటన్ 1963లో ఇంటి బీరు మీద లైసెన్సూ పన్నూ ఎత్తేసింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో కేంద్ర చట్టం వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్ల వరకు సొంతానికి చేసుకోవచ్చు. మన దగ్గర అలా కాదు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, బీరు కూడా మద్యం కిందికే వస్తుంది. సెలవులకు ఊరొస్తూ సూట్‌కేసులో ఒక డబ్బా పడేసుకొచ్చి రాజోలులోనో నరసాపురంలోనో ఇంట్లో చేద్దామంటే కుదరదు. కోనసీమ నుంచి ఎక్కువమంది వెళ్లే కువైట్‌లో అయితే మద్యమే నిషేధం. అక్కడ 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన మద్యం తాగి 23 మంది చనిపోయారని ఆ దేశ ఆరోగ్య శాఖ ప్రకటించింది. అది మాల్ట్ పులియబెట్టిన బీరు వల్ల వచ్చిన చావు కాదు. బార్లీ మాల్ట్ పులిస్తే పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ. ప్రాణం తీసేది కలిపిన మిథనాల్. అయినా ఈ రెండూ ఒకే గాటన కట్టి మాట్లాడటం చూస్తుంటాం కాబట్టి తేడా చెప్పాల్సి వచ్చింది.

ఇక తేదీ సంగతి. తినే సరుకుల మీద రెండు రకాల తేదీలుంటాయి. ఆ రోజు దాటితే వాడకూడదని చెప్పేది ఒకటి. ఆ రోజు వరకు రుచి, రంగు, వాసన మేం చెప్పినట్టే ఉంటాయని కంపెనీ ఇచ్చే మాట ఇంకొకటి. బీరు కిట్ల మీద ఉండేది సాధారణంగా రెండో రకం. అంటే ఆ తేదీ దాటిన మర్నాడు డబ్బాలో పాకం విషమైపోదు. కంపెనీ పూచీ అక్కడితో ఆగిపోతుందంతే.

మండె కట్టిన గింజ నుంచి పాకం దాకా

మాల్ట్ అనే మాట డెల్టా రైతుకు కొత్త కావచ్చు గానీ, పని కొత్త కాదు. నారుమడికి ముందు వడ్లు ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, పైన గడ్డి కప్పి మండె కడతారు. రెండో రోజుకి ముక్కు పగిలి తెల్లటి మొలక కనిపిస్తుంది. సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ గింజ ఒకటి నోట్లో వేసుకుని నమిలితే కాస్త తీపి. గింజలోని పిండిని మొలక తన తిండి కోసం చక్కెరగా మార్చుకోవడం మొదలుపెట్టింది కాబట్టి ఆ తీపి. బార్లీని కూడా సరిగ్గా ఇలాగే నానబెట్టి, మొలక రాగానే వేడి గాలితో ఆరబెట్టి ఆపేస్తారు. అదే మాల్ట్. దాన్ని వేడి నీళ్లలో నానేస్తే పిండంతా చక్కెరవుతుంది. ఆ తీపి నీటిని వడగట్టి, నీరు ఇంకేదాకా మరిగించి చిక్కబరిస్తే మాల్ట్ పాకం. మాల్ట్ వాసన ఎలా ఉంటుందో తెలియాలంటే బీరు దాకా పోనక్కర్లేదు. ధవళేశ్వరంలో దశాబ్దాలుగా హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. హార్లిక్స్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలేది ఆ వాసనే.

ఈ పాకం చెడిపోవడం కష్టం. అందులో నీరు దాదాపు ఐదో వంతే. మిగతాదంతా చక్కెరలు, కొద్దిగా మాంసకృత్తులు. అంత చిక్కదనంలో సూక్ష్మజీవులు పెరగలేవు. తేనె ఎందుకు చెడదో, గట్టి పాకం పట్టిన అరిసె ఎందుకు నెలల తరబడి నిలుస్తుందో ఇదీ అందుకే నిలుస్తుంది. కానీ చెడకపోవడం వేరు, మారకపోవడం వేరు.

సంక్రాంతికి కొన్న బంగారు రంగు బెల్లం దిమ్మ శ్రావణమాసానికి ఎలా ఉంటుందో ఇళ్లలో అందరికీ తెలుసు. రంగు ముదురుతుంది, చెమ్మ పట్టి జిగురెక్కుతుంది, రుచిలో ఒక కాటు వస్తుంది. పాయసంలో వేస్తే ఎవరూ వద్దనరు గానీ, తెలిసిన నాలుకకు తెలుస్తుంది. మాల్ట్ పాకంలో జరిగేదీ దాదాపు ఇదే. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ ఒకదానితో ఒకటి నెమ్మదిగా కలిసి గోధుమరంగు పదార్థాలుగా మారుతుంటాయి. దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. రొట్టె కాలినప్పుడు, ఉల్లిపాయ వేగినప్పుడు రంగూ వాసనా ఇచ్చేది ఇదే. పెనం మీద నిమిషాల్లో జరిగేది టిన్నులో నెలల మీద జరుగుతుంది. ఫలితంగా లేత గడ్డి రంగులో రావాల్సిన బీరు రాగి రంగులో వస్తుంది. రుచిలో మాడిన పాకం ఛాయ, కాస్త సిరా లాంటి చేదు చేరతాయి. ఇంటి బీరు చాలాకాలంగా చేస్తున్నవాళ్లు ఒక గుటకలోనే ‘ఇది పాత డబ్బా’ అనేది ఆ రుచిని పట్టే.

రంగు కన్నా తక్కువమంది గమనించే నష్టం ఇంకొకటుంది. ఆ చర్యలో ఖర్చయిపోయే అమైనో ఆమ్లాలు ఈస్ట్‌కు తిండి. పాకం ఎంత ముదిరితే ఈస్ట్‌కు అంత తక్కువ మిగులుతుంది. అందుకే పాత డబ్బాతో చేసిన బీరు పులవడంలోనూ మందకొడిగా ఉంటుంది. రుచి ఒక్కటే మారిందనుకుని వదిలేస్తే సగం సమస్యే చూసినట్టు.

మరి డబ్బా ఎంత ముదిరిందో తేదీ చెబుతుందా? పూర్తిగా చెప్పదు. ఇలాంటి రసాయన చర్యల వేగం వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 20 డిగ్రీల గదిలో ఏడాదిలో వచ్చే ముదురు 30 డిగ్రీల్లో ఆరు నెలలకు, 40 డిగ్రీల రేకుల షెడ్డులో మూడు నెలలకు వచ్చేస్తుంది. కాబట్టి చల్లటి గదిలో ఉండి తేదీ దాటిన డబ్బా, ఎండాకాలమంతా రేకుల షెడ్డులో మగ్గి తేదీకి ఇంకా ఆరు నెలలున్న డబ్బా కన్నా లేతగా ఉండే అవకాశం ఎక్కువ. కొనేముందు షాపువాణ్ని అడగాల్సింది ‘తేదీ ఎప్పుడు?’ అని కాదు, అది మీదే రాసి ఉంది. ‘వేసవిలో ఇది ఎక్కడ పెట్టారు?’ అని అడగాలి. డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేని సంగతి. మే నెలలో పురుగుమందుల కొట్టు వెనక గోడౌనులో మందు సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ సీసా మీద తేదీని నమ్మి పొలంలో కొట్టి, పని చేయలేదని తిట్టుకున్న రైతులు తక్కువేం లేరు.

పాకం బదులు మాల్ట్ పొడి ఉన్న కిట్లూ ఉంటాయి. పొడి మూసి ఉన్నంతకాలం పాకం కన్నా ఎక్కువ నిలుస్తుంది, రంగు అంతగా మారదు. దాని శత్రువు చెమ్మ. వానాకాలంలో హార్లిక్స్ సీసా మూత సరిగ్గా పెట్టకపోతే పొడి రాయిలా గడ్డ కట్టి చెంచా వంగిపోతుంది కదా, అదీ అంతే. ప్యాకెట్ పైనుంచి నొక్కి చూస్తే లోపల పొడి కదలాలి. ఇటుకలా ఉంటే వదిలేయడం మంచిది.

హాప్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కిట్‌లో చేదు ముందే కలిసిపోయి ఉంటుంది, కాలంతో అది నెమ్మదిగా తగ్గుతుంది. చేదు కన్నా ముందు పోయేది వాసన. పూల వాసన, నిమ్మతొక్క వాసన లాంటివి తేదీ దగ్గరపడేసరికి మిగిలేది స్వల్పం. దానికి విరుగుడు సులువు. తాజా హాప్స్ కొద్దిగా కొని చివర్లో వేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఆ హాప్స్ కూడా చల్లగా, గాలి తీసేసిన ప్యాకెట్‌లో దాచినవై ఉండాలి. గాలి తగిలిన పాత హాప్స్ వేస్తే చీజ్ ముక్క మురిగిన వాసనొస్తుంది.

మొలక చూశారా?

అసలు విషయం ఇప్పుడొస్తుంది. మాల్ట్ ముదురుతుంది, హాప్స్ వాసన తగ్గుతుంది, ఈస్ట్ మాత్రం చచ్చిపోతుంది. మిగతా రెండూ సరుకు, ఇది ప్రాణి. ఎండిన ఈస్ట్ ఒక గ్రాములో వందల కోట్ల కణాలుంటాయి. ఎండబెట్టిన స్థితిలో నిద్రపోతుంటాయి, నిద్రలోనే రోజూ కొన్ని పోతుంటాయి. ఫ్రిజ్‌లో పెడితే చాలా నెమ్మదిగా, గది వేడిలో అంతకన్నా త్వరగా, ఎండ తగిలే గోడౌనులో మరీ త్వరగా. ఈస్ట్ ప్యాకెట్ టిన్ను మూత కిందే ఉంటుంది కాబట్టి టిన్ను ఎక్కడ మగ్గితే అదీ అక్కడే మగ్గింది. పాకం ఆ వేడిని తట్టుకుని రంగు మార్చుకుంటే, పక్కనే ఉన్న ఈస్ట్‌కు అది సగం జనాభా పోయినంత పని. సగం ధర డబ్బా కొన్నవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

విత్తనం విషయంలో గోదావరి రైతు ఈ పొరపాటు చెయ్యడు. స్వర్ణ వరి రకం పుట్టిన మార్టేరు పరిశోధన కేంద్రం ఉన్న నేల ఇది. వరి విత్తనం ధ్రువీకరణకు కనీసం 80 శాతం మొలక ఉండాలి, పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలే ఆ ధ్రువీకరణ చెల్లుతుంది. విత్తనాల బస్తాకు కుట్టిన ట్యాగు మీద ఆ తేదీ ఉంటుంది. అయినా ట్యాగు చూసి ఊరుకోరు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచి ముక్కలో చుట్టి నీడన పెడతారు. నాలుగైదు రోజులాగి విప్పి, మొలిచినవి ఎన్నో లెక్కపెడతారు. ఎనభై మొలిస్తే మామూలుగా పోస్తారు. అరవయ్యే మొలిస్తే ఎకరానికి విత్తనం పెంచుతారు, నలభైకి పడిపోతే వేరే విత్తనం చూసుకుంటారు. ఆ మూడు నిర్ణయాలూ ఈస్ట్‌కూ అలాగే వర్తిస్తాయి.

ఈస్ట్ మొలక చూడటం ఇంకా తేలిక. గాజు గ్లాసులో మరిగించి చల్లార్చిన నీళ్లు పోయాలి. ఈస్ట్ బరువుకు పది రెట్లు, అంటే 7 గ్రాములకు 70 మిల్లీలీటర్లు చాలు. వేడి 30 నుంచి 35 డిగ్రీలు, వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఈస్ట్‌ను పైన చల్లి కదపకుండా పావుగంట వదలాలి. మంచి ఈస్ట్ అయితే గింజలు ఉబ్బి, మెత్తబడి, మీగడలా తేలి, అక్కడక్కడా కిందికి పాయలు పాయలుగా జారుతుంది. చిటికెడు పంచదార వేస్తే మరో పది ఇరవై నిమిషాల్లో నురుగు కడుతుంది. చచ్చిన ఈస్ట్ అయితే అడుగున మడ్డిలా కూర్చుంటుంది, నీళ్లు మట్టి రంగులో ఉండిపోతాయి, ఎంతసేపు చూసినా బుడగ రాదు. భీమవరంలోనో కాకినాడలోనో ఏ బేకరీలో అడిగినా, వేసవిలో కొత్త బ్యాచ్ పిండి కలిపేముందు ఇలా చూసుకోవడం తెలిసిన పనే.

ఈ గ్లాసు పరీక్షకు ఒక హద్దుంది, అది గుర్తుంచుకోవాలి. నురుగు వచ్చిందంటే బతికినవి ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది, ఎన్ని బతికాయో తెలియదు. గోనెసంచిలో వంద గింజలు లెక్కపెట్టగలం గానీ గ్లాసులో వందల కోట్లు లెక్కపెట్టలేం. వందలో ముప్ఫై మొలిచినా సంచి విప్పగానే పచ్చగానే కనిపిస్తుంది. నురుగు చూసి సంతోషపడి ఆ ఈస్ట్‌నే 23 లీటర్లలో వేస్తే, ఉన్న కొద్దిపాటి కణాలూ ముందు తమ సంఖ్య పెంచుకోవడానికే రెండు మూడు రోజులు తీసుకుంటాయి. ఆ రెండు మూడు రోజులూ తీపి నీళ్లు కాపలా లేకుండా ఉంటాయి. గాల్లోంచి పడ్డ బ్యాక్టీరియాకు అదే అదను.

చెరువుల మీద ఉన్నవాళ్లు ఇది కళ్లారా చూసి ఉంటారు. ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు వనామీ రొయ్యల చెరువుల గట్ల మీద నీలం డ్రమ్ముల్లో తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి రాత్రంతా నానబెట్టి తెల్లారి చెరువులో చల్లుతారు. ఈస్ట్ మంచిదైతే పొద్దున్నే మూత తీయగానే పులిసిన దోసెల పిండి వాసన, పైన తవుడు ఒక పొరలా లేచి ఉంటుంది. ఈస్ట్ పాతదైతే తవుడు అడుగునే ఉంటుంది, డ్రమ్ములోంచి పుల్లటి ముక్కిపోయిన వాసన. అక్కడ డ్రమ్మూ సరుకూ ఉన్నాయి, పని చేయాల్సిన జీవి లేదు. దాని చోట వేరేవి చేరాయి. బీరు డ్రమ్ములోనూ ఇదే జరుగుతుంది.

కాబట్టి సగం ధర కిట్ కొన్నవాళ్లకు చెప్పదగిన మొదటి మాట: మూత కింద ప్యాకెట్‌ను లెక్కలోంచి తీసేయండి. తాజా ఈస్ట్ ప్యాకెట్ విడిగా కొనండి. 11 గ్రాముల ప్యాకెట్లు ఇలాంటి షాపుల్లో ఫ్రిజ్‌లో ఉంటాయి. కిట్‌తో వచ్చే 7 గ్రాములు తాజాగా ఉన్నప్పుడే కాస్త బొటాబొటి. పాత ప్యాకెట్ పారేయక్కర్లేదు. పాకం కరిగించే నీళ్లలో దాన్ని వేసి ఐదారు నిమిషాలు మరిగిస్తే చచ్చిన కణాల్లోని పోషకాలు కొత్త ఈస్ట్‌కు తిండవుతాయి. ముదిరిన పాకంలో ఆ తిండే కదా తగ్గింది, కొంత పూడుతుంది.

సీసా ఎందుకు పగులుతుంది

పాత కిట్ వల్ల వచ్చే ప్రమాదం కడుపునొప్పి అని చాలామంది భయం. నిజానికి భయపడాల్సింది సీసా గురించి. ఆ వరస ఒకసారి నిదానంగా చూడాలి.

బీరులో గ్యాసు రావడానికి, పులవడం పూర్తయ్యాక సీసాకు చెంచాడు పంచదార వేసి బిరడా బిగిస్తారు. మిగిలిన ఈస్ట్ ఆ పంచదారను తిని గ్యాసు వదులుతుంది. బయటికి దారి లేక ఆ గ్యాసు బీరులో కరుగుతుంది. మనూళ్లలో గోలీసోడాకైనా, రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ కూల్‌డ్రింక్‌కైనా గ్యాసును యంత్రంతో కొలిచి ఎక్కిస్తారు. ఇంటి బీరులో ఎక్కించేది ఈస్ట్, దాని చేతిలో ఏ మీటరూ ఉండదు. తినడానికి ఎంతుంటే అంత తింటుంది.

ఇప్పుడు ముసలి ఈస్ట్, ముదిరిన పాకం కలిసిన డ్రమ్ము ఊహించండి. ఐదో రోజుకి బుడగలు ఆగిపోతాయి. చూసేవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఈస్ట్ అలసి కూలబడింది, చక్కెర ఇంకా మిగిలే ఉంది. ఆ బీరును సీసాల్లో పోసి, పైగా చెంచాడు పంచదార వేసి బిగిస్తే, వాతావరణం కాస్త వేడెక్కగానే ఈస్ట్ మళ్లీ లేచి మిగిలిందంతా తినడం మొదలెడుతుంది. ఉండాల్సిన దానికి రెండింతలు, మూడింతలు గ్యాసు. ముందు మూత తీస్తే బీరంతా చిమ్ముకొస్తుంది. ఇంకా ముదిరితే అలమరాలో సీసా పేలుతుంది. గాజు పెంకులు గది అంతా ఎగురుతాయి. పక్కనున్నది పిల్లలైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం, తొందర రెండూ పనికిరావు.

అడ్డుకట్ట చిన్నదే, హైడ్రోమీటర్. పాలకేంద్రంలో పాలు పోసేటప్పుడు ముంచే లాక్టోమీటర్‌కు అది సొంత అన్నదమ్ముడు. ద్రవం చిక్కగా ఉంటే గొట్టం పైకి తేలుతుంది, పల్చబడేకొద్దీ దిగుతుంది. మొదట్లో తీపి నీళ్లు 1.040 దగ్గర చూపిస్తాయి. చక్కెర ఆల్కహాలు అయ్యేకొద్దీ అంకె దిగుతూ 1.010 దరిదాపుల్లో ఆగాలి. 1.015 దగ్గరే ఆగిందనుకోండి, చూడ్డానికి ఐదు పాయింట్లే. అదంతా సీసాలో పులిస్తే గ్యాసు దాదాపు రెట్టింపవుతుంది. ఒక రోజు చూసి ఊరుకోకూడదు. రెండు మూడు రోజులు వరసగా ఒకే అంకె రావాలి, ఆ అంకె కూడా నమ్మదగినంత కిందికి దిగి ఉండాలి. పైనే ఆగిపోతే డ్రమ్మును కాస్త వెచ్చటి చోటికి మార్చి, నెమ్మదిగా ఊపి, అప్పటికీ కదలకపోతే తాజా ఈస్ట్‌ను విడిగా గ్లాసులో లేపి వెయ్యాలి. బుడగల్ని చూసి తేల్చడం పాలు కంటితో చూసి వెన్న శాతం చెప్పడం లాంటిది.

కల్లుకు ఈ గొడవే లేదు. అందుకే డెల్టాలో పులిసిన పానీయం అంటే గడువు తేదీ ఆలోచన ఎవరికీ రాదు. తాడిచెట్టుకు కట్టిన లొట్టిలోకి చుక్క పడ్డ క్షణం నుంచే గాల్లోని, కుండలోని ఈస్ట్ పని మొదలెడుతుంది. పొద్దున్న తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పులుపు తిరుగుతుంది. వద్దనుకుంటే లొట్టి లోపల సున్నం రాస్తారు, పులుపు ఆగుతుంది, ఆ నీరా బెల్లానికి పనికొస్తుంది. దాని గడువు గంటల్లో, చెప్పేది ముక్కు. ప్రకృతి పంపిన ఈస్ట్ కాబట్టి రోజూ కొత్తదే. కిట్ దీనికి పూర్తిగా ఎదురు దారి. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపించాక, ఏ ఊళ్లో చేసినా ఒకే రుచి రావడం సాధ్యమైంది. ఆ సౌకర్యానికి కట్టే మూల్యం ప్యాకెట్ మీద తేదీ.

సగం ధరలో మిగిలేదెంత

ధర సంగతి నిజాయితీగా లెక్కేస్తే ఆశ కొంచెం తగ్గుతుంది. ఉదాహరణకు 25 డాలర్ల డబ్బా 12 డాలర్లకు వచ్చిందనుకుందాం. మిగిలింది 13. కొత్త ఈస్ట్‌కు ఒక 6 డాలర్లు పోతే 7 మిగులు. 35 సీసాల మీద పంచితే సీసాకు 20 సెంట్లు. తాజా హాప్స్ కూడా కొంటే అదీ ఉండదు. డెక్స్‌ట్రోజ్, సీసాలు కడిగే మందు, గ్యాసు, కరెంటు ఖర్చు రెంటికీ సమానమే. మూడు నాలుగు వారాల ఓపిక కూడా సమానమే. 35 సీసాల బీరు పారబోయాల్సి వస్తే పోయేది ఆ 12 డాలర్లు కాదు, ఆ నాలుగు వారాలు. ఒక్క డబ్బా చవగ్గా కొని సంబరపడటంలో అర్థం లేదు. నాలుగైదు డబ్బాలు బాగా తక్కువకు దొరికి, అవి చల్లటి చోట ఉన్నవని నమ్మకం కుదిరి, నెలన్నర రెండు నెలల్లో వాడేసే ఉద్దేశం ఉంటేనే నిజమైన లాభం. ఒక కొత్త ఈస్ట్‌తో మొదటి బ్యాచ్ చేసి, అడుగున మిగిలే మడ్డిలోంచి కొంత తీసి శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో దాచుకుంటే రెండో బ్యాచ్‌కు ఈస్ట్ ఖర్చు తప్పుతుంది. ఇంటి పెరుగుకు తోడు దాచుకున్నట్టే. వారం పది రోజులు దాటకుండా వాడుకోవాలి.

ఏ డబ్బా ఎంచుకోవాలన్నదే అన్నిటికన్నా డబ్బు ఆదా చేసే నిర్ణయం. స్టౌట్, డార్క్ ఏల్ లాంటి నల్లటి బీర్ల కిట్లు తేదీ దాటినా సులువుగా నెగ్గుకొస్తాయి. వాటిలో వేయించిన గింజల ఘాటు ముందే ఉంటుంది కాబట్టి, ముదిరిన పాకం రుచి అందులో కలిసిపోతుంది. లాగర్, గోధుమ బీరు, పిల్స్‌నర్ లాంటి లేత రకాలు మాత్రం ఏ మచ్చనూ దాచలేవు. తెల్ల పంచె మీద కూర మరక లాగా పాతదనం పైకే కనిపిస్తుంది. అలాంటి డబ్బా చేతికొస్తే లేత బీరు చేయాలన్న పట్టుదల మాని, కొద్దిగా వేయించిన మాల్ట్ గింజలు వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు వడగట్టి కలిపితే ముదురు ఏల్ అవుతుంది. పాత పాకానికి అదే సరైన దారి. పాత ఆవకాయను ఎవరూ కొత్త ఆవకాయలా వడ్డించాలనుకోరు. ముద్దపప్పులో దాని చోటు దానికుంది.

డబ్బా చేతిలోకి తీసుకుని చూడాల్సినవి కొన్నే. అంచుల్లో తుప్పు, సొట్ట పడ్డ కుట్టు దగ్గర జిగురు కారిన గుర్తు ఉంటే వద్దు. పైకప్పు గానీ అడుగు గానీ ఉబ్బి ఉంటే తెరవకుండానే పారేయాలి, ఎంత చవకైనా సరే. లోపల ఏదో పులిసి గ్యాసు పుట్టిందన్నమాట. ఇంటికి తెచ్చి తెరిచాక పైన బూజు, కుళ్లు వాసన ఉన్నా అదే తీర్పు. ముదురు రంగు ఒక్కటే ఉంటే అది చెడు కాదు. ఒక చెంచా పాకం తీసి తెల్ల గిన్నె అంచుకు రాసి, పల్చగా జారేటప్పుడు రంగు చూడాలి. తేనె రంగు అయితే నిశ్చింత. కాల్చిన చక్కెర రంగులోకి దిగి, నాలుక మీద పెడితే చివర్లో చేదు కాటు మిగిలితే నల్ల బీరుకే అది.

తయారైన బీరుకూ ఒక లెక్కుంది. తాజా పాకంతో చేసినది సీసాల్లో నెలల తరబడి మెరుగవుతుందని కొందరు దాచుకుంటారు. ముదిరిన పాకంతో చేసినదానికి ఆ సమయం ముందే ఖర్చయిపోయింది. టిన్నులో గడిపిన నెలలు సీసాలోకి కూడా వెంట వస్తాయి. రెండు మూడు వారాలు గ్యాసు పట్టనిచ్చి, ఒక సీసా ఫ్రిజ్‌లో పెట్టి తెరిచి చూసి, బాగుందనిపిస్తే మిగతావి రెండు నెలల్లోపు పూర్తిచేయడం మంచిది. తెరిచినప్పుడు వచ్చే ‘టుస్’ శబ్దం వారం వారం పెరుగుతోందనిపిస్తే మిగిలిన సీసాలన్నీ ఆ రోజే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చోటు చాలకపోతే మందపాటి గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, మూతలు మెల్లగా వదులు చేసి గ్యాసు వదిలేయాలి.